ఆషూర్‌ఖానా గోడ – వర్ణ విచారణ

చిత్రలేఖనం బోధించే పుస్తకాలు దాదాపు అన్నీ ఒకే పాఠంతో ఆరంభమవుతాయి. ఎరుపు, పసుపు, నీలం మూలవర్ణాలు. వాటి కలయిక వల్ల కలిగేవి ద్వితీయ వర్ణాలు. వర్ణచక్రంలో ఎదురెదురుగా నిలిచేవి పరస్పర పూరకాలు. ఆపైన రేఖ, ఆకృతి, లయ, సమతౌల్యం. పాఠంలో తప్పు లేదు. అదంతా ఐరోపా సొత్తుగా చెప్పడమే పొరపాటు. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మార్చివేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1839లో సూత్రీకరించిన మాట నిజమే. కాని ఎనిమిది శతాబ్దాల ముందే ఇబ్నుల్ హైసం తన ‘కితాబుల్ మనాజిర్’లో, ఒకే రంగు చుక్క తెల్లని నేలపై ముదురుగాను, నల్లని నేలపై లేతగాను కనిపిస్తుందని గుర్తించాడు.

ఈ విషయాన్ని కంటితో పరీక్షించదలచినవారికి హైదరాబాదులోని బాదుషాహీ ఆషూర్‌ఖానా చాలు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలో కట్టించిన ఈ భవనంలో పలకల పని 1611 నాటికి పూర్తయింది. దీనిని ఇరానీ పనికి నకలు అని తేల్చివేసేవారున్నారు. పద్ధతి ఇరాన్‌దే, ఒక్కొక్క రంగు మెరుగు పలకను విడివిడిగా కాల్చి, ముక్కలుగా కోసి, గోడపై కూర్చడం. రంగుల ఎంపిక మాత్రం దక్కనుది. నీలంతో సమానంగా ఇక్కడ ఆవపిండి పసుపు, గోధుమ రంగు పెత్తనం చేస్తాయి. వర్ణచక్రంలో నీలానికి దాదాపు ఎదురుగా నిలిచే ఛాయ ఆ పసుపు. అందుకే ఆలం ఆకృతులు (మన పల్లెల్లో పీర్లు అని పిలుచుకునేవే) గోడలోనుంచి ముందుకు వచ్చినట్లుంటాయి. పక్క గోడల షట్కోణాలు అదే ఆకృతిని మళ్ళీ మళ్ళీ చెప్పి కంటికి విశ్రాంతినిస్తాయి.

1908 మూసీ వరదలో ఈ పని కొంత దెబ్బతిన్నది. పోయిన పలకల చోట గచ్చుపై అవే నమూనాలను రంగులతో చిత్రించారు. చిత్రకారుని శ్రద్ధను తక్కువ చేయనక్కరలేదు. అతడు పూనుకోకుంటే ఆ భాగంలో నమూనా ఏదో తెలిసేది కాదు. అయినా విమర్శకుడు చూసీ చూడనట్లు పోరాదు. పలకల పనిలో గీసిన గీత ఉండదు. రెండు ముక్కలు కలిసే అతుకే రేఖ. చిత్రించిన భాగంలో ఆ రేఖ కుంచెతో గీసినదైంది, గీయగానే అలంకారమైంది. గచ్చు వెలుతురును పీల్చుకుంటుంది, మెరుగు పలక తిప్పి పంపుతుంది. కనుక రంగు పేరు ఒకటే అయినా కాంతి ఒకటి కాదు. ఈ భాగాన్ని చూసి కుతుబ్‌షాహీ వర్ణసంయోజనను అంచనా వేసే విద్యార్థి పొరబడక తప్పదు. ముందు ముందు జరిగే మరమ్మతులలో కొత్త పని ఎక్కడ మొదలవుతుందో చూపరికి తెలిసేలా ఉంచడం అవసరం.

ఈ తేడా పగటిపూట అంతగా పట్టుబడదు. దీపం పట్టుకుని గోడ వెంట నడిస్తే పలకల భాగంలో వెలుగు ఒక ముక్కనుంచి మరో ముక్కకు దూకుతూ వస్తుంది. గచ్చు దగ్గరకు రాగానే ఆగిపోతుంది.