చదువక విడిచిన వాక్యము

కుట్టుపని నేర్చువారిలో సూచనపత్రమును తుదిదాక చదివి కత్తెర పట్టువారు మిక్కిలి అరుదు. కాగితపు నమూనా చేత పడగానే, బొమ్మ చూచినంతనే పని తెలిసెనని తలచి, చిన్న అక్షరముల జోలికి పోక, బట్టను పరచి కత్తిరింప నుపక్రమింతురు. ఇరుగుపొరుగు స్త్రీలు చెడిన కుట్లను నాయొద్దకు తెచ్చుచుందురు గాన, దుస్తును తిరగవేసి చూచి, ఏ వాక్యమును విడిచిరో చెప్పగల అలవాటొకటి నాకు పట్టువడినది.

వానిలో అధికభాగము అంచును గూర్చిన వాక్యమే. అమెరికా నమూనాలలో కుట్టుకు వలసిన 5/8 అంగుళమును సాధారణముగా చేర్చియే గీయుదురు. జర్మనీలో 1950లో ఆరంభమైన బుర్దా పత్రిక నమూనాలలో ఆ చేర్పు పరంపరగా లేదు, కత్తిరించువారే కలుపుకొనవలెను. మొదటిదానికి అలవడిన చేయి రెండవదానిని గీతవెంట కత్తిరించినచో, నాలుగు కుట్లకు ఎనిమిది అంచులు గదా, చుట్టుకొలతలో సరిగా ఐదంగుళములు హరించును. ఆ గౌను పెద్దపిల్లకు పట్టక చిన్నపిల్లకు పోవును. చిన్నపిల్ల లేని యింట దిండుగలీబగును.

పడుగు దిశను చూపు బాణపు గుర్తును లెక్కచేయక, బట్ట మిగుల్చు లోభముతో ముక్కను ప్రక్కకు త్రిప్పి ఇమిడించుట ఇంతకంటె చెరుపు. కుట్టిననాడు చక్కగనే యుండి, నాలుగు ఉతుకులకు ఒకవైపు వ్రేలాడునట్టి ఆ దుస్తును విప్పి ప్రయోజనము లేదు.

విప్పి బాగుచేయదగిన తప్పులే నిజముగా చదువు చెప్పునవి. ఒక అమ్మాయి తాను కుట్టిన గౌను తొడిగికొని వచ్చి, "పిన్నిగారూ, చేయి ముందుకు చాపితే వీపంతా లాగేస్తోందండీ, బట్ట తక్కువైందంటారా?" అని అడిగినది. బట్ట చాలినంత యున్నది. కుడిచేయి ఎడమకును, ఎడమచేయి కుడికిని పోయినవి. చేతిముక్కపై ముందువైపున ఒక గాటును, వెనుకవైపున జంటగాట్లును ఉండుట ఆమె అలంకారమనుకొన్నదేమో! 1863లో మసాచుసెట్సులో ఎబెనీజర్ బటరిక్ అను దర్జీ కొలతలవారీగా నమూనాలు విక్రయింప నారంభించిన పిదప చాలకాలము, అచ్చుగీతలు లేని ఆ కాగితములకు రంధ్రములును గాట్లును తప్ప వేరు వాక్కే లేకుండెను. వెనుకభాగమున చేయి కదలుటకై వదలిన వదులు, చేతులు తారుమారైనపుడు ముందునకు వచ్చి ముడుతలు పడును, వెనుక బిగియును. ఆ సాయంకాలమంతయు కూర్చుండి రెండు చేతులను విప్పి మరల కుట్టిన ఆ అమ్మాయి యిప్పుడు గాటు చూడక సూదిలో దారమెక్కింపదు. పత్రము ప్రకారము తు.చ. తప్పక కుట్టిన ఆమె అక్కకు మాత్రము ఆ గాట్లెందుకో నేటికిని తెలియదు.

అయినను తప్పంతయు చదువనివారిది కాదు. మెడచుట్టు ముందుగా ఒక వరుస కుట్టు వేయుడని ఆజ్ఞాపించు పత్రము, ఎందుకో చెప్పదు. మెడవంపు క్రాసున పడుటచే చేతబట్టి త్రిప్పుచున్నంతనే సాగునని ఆ క్రిందనే ఇంకొక పంక్తి చేర్చియుండిన, దానిని దాటిపోవువారు సగమైనను తగ్గుదురని నా నమ్మకము. ఆ పత్రముపై ఒక్క పంక్తికి చోటు దొరకదా?