అంగడి పేరు: నామౌచిత్య విచారము

విమర్శకుని దృష్టి సామాన్యముగా గ్రంథము మీదనే నిలుచును. కాని ప్రతిదినము వేలకొలది జనులు చదువు రచన మఱియొకటి కలదు. అది అంగడి నామఫలకము. రెండు మూడు మాటల రచనయే యైనను దానికి వస్తువు కలదు, శైలి కలదు, ఉద్దేశింపబడిన పాఠకుడును కలడు. కావ్యము నచ్చనిచో పాఠకుడు పుస్తకము మూసివేయును; పేరు కుదరనిచో ఆ నష్టము యజమానిని ఏండ్ల తరబడి వెన్నాడును. కూడబెట్టిన సొమ్ముతోనో అప్పు తెచ్చిన సొమ్ముతోనో చిన్న వ్యాపారము పెట్టువానికి పేరుకూడ పెట్టుబడిలో ఒక భాగమే. కావున ఈ విషయము విమర్శకు తగనిదని త్రోసివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములను, వాని పరిసరములను ఆధారముగా గైకొని దీనిని పరిశీలింతుము. ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. కార్యాలయములు వచ్చిన చోటికి అంగళ్లు వచ్చును. అంగళ్లతోపాటు పేర్ల అవసరమును వచ్చును.

మహాకావ్య లక్షణమును చెప్పుచు దండి, కావ్యారంభము ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశము అను మూడింటిలో నొకటిగా నుండునని కావ్యాదర్శమున నిరూపించెను. అంగడి పేర్లును ఈ మూడు తెరగులనే ఏర్పడుచున్నవి. ‘జయలక్ష్మి’, ‘శ్రీనిధి’, ‘శుభోదయ’ అనునవి యజమాని తన కలిమిని తానే కోరుకొను ఆశీస్సులు. ‘శ్రీ వేంకటేశ్వర’, ‘ఆంజనేయ’, ‘బిస్మిల్లా’, ‘హోసన్న’ అనునవి ఆయా మతస్థుల నమస్క్రియలు. ‘విత్తనముల దుకాణము’, ‘టిఫిన్ సెంటరు’, ‘ఇనుప సామాను’ అనునవి వస్తునిర్దేశములు. వీనికి ఇంటిపేరునో కుమారుని పేరునో చేర్చుట కలదు. అది కవి అవతారికయందు వంశమును చెప్పుకొనుట వంటిది.

వీనిలో నమస్క్రియకే ప్రాచుర్య మెక్కువ. దాని వెనుక నున్న భక్తిని మేము శంకింపము. కాని పేరునకు గల మొదటి ప్రయోజనము ఒక దానిని మఱియొక దానినుండి వేరుపరచుట. ఒకే వీధిలో వేంకటేశ్వరుని పేర మూడు దుకాణములున్నచో ఆ ప్రయోజనము నెరవేరదు. అప్పుడు జనులు ‘మూలమీది దుకాణం’ అనియో, ‘బస్టాండు కాడి సేటు దుకాణం’ అనియో తమ పేరు తాము పెట్టుకొందురు. యజమాని వ్రాయించిన పేరు ఫలకము మీదనే మిగిలిపోవును. న్యాయస్థానముల దృష్టియు దీనికి దగ్గరగనే యున్నది. ‘రామాయణ్’ అను పేరును అగరువత్తులకు ఒక వర్తకుడు తన స్వంతముగా చేసికొనరాదని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందరికిని పూజ్యమైన పేరు ఏ యొక్కని సొత్తును కాజాలదనుట దాని సారము.

నమస్క్రియనే కోరువారికి ఊరి దైవము కొంత మేలు. మహబూబాబాదు ప్రాంతమున కురవి వీరభద్రస్వామి, భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వర ముక్తీశ్వరస్వామి ప్రసిద్ధులు. అట్టి పేరు విన్నంతనే ఫలానా సీమవాడని తెలియును. అయినను ఇచ్చట ఔచిత్యమును గమనింపవలెను. పదునొకండవ శతాబ్దమునకు చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు తన ఔచిత్యవిచారచర్చలో నామౌచిత్యమునుగూడ ఒక భేదముగా లెక్కించెను. కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి. వానిలో నొకటి యమునిదని స్థలప్రసిద్ధి. ఆ పేరు ప్రయాణికుల భోజనశాలకు చక్కగా ఒప్పును. మందుల దుకాణమునకు పెట్టినచో, రోగి గడప దాటుటకు ముందే ముక్తిని తలచుకొనవలసి వచ్చును! దైవము పూజ్యుడే, పేరు మాత్రము ఆ చోటికి తగదు.

వస్తునిర్దేశమున స్పష్టత యున్నది. సంతకు వచ్చిన రైతునకు విత్తనము లెచ్చట దొరకునో ఒక్క చూపున తెలియును. కాని దీనికిని ఒక చిక్కు కలదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము సరకు జాతిని, గుణమును, పుట్టిన చోటును మాత్రమే తెలుపు మాటను సామాన్యముగా ఒకనికి నమోదు చేయరు. ‘మంచి బియ్యము’ అనుటకు అందరికిని హక్కు కలదు కదా! అనగా కొనువానికి మిక్కిలి సుబోధమైన పేరే అమ్మువానికి రక్షణలో మిక్కిలి దుర్బలమైనది. చిన్న వ్యాపారి ఎదుర్కొను అసలు సమస్య ఇదియే. అయితే ఆ చట్టమే ఒక మినహాయింపునుగూడ ఇచ్చినది. దీర్ఘమైన వాడుకచేత అట్టి మాటకును విశిష్టత ఏర్పడినచో దానిని నమోదు చేయవచ్చును.

ఈ సూత్రము మన శాస్త్రకారులకు క్రొత్తది కాదు. వారు శబ్దములను యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని విభజించిరి. బురదలో పుట్టిన దెల్ల పంకజమే కావలెను. కాని లోకమున పంకజమనగా తామర యొక్కటియే. అవయవార్థమును విడువకయే మాట ఒక్క వస్తువునందు నిలుకడ చెందుట యోగరూఢి. చట్టము చెప్పు విశిష్టతయు ఇట్టిదే. మా ప్రతిపాదన మిదియే: యౌగికముగా పుట్టి యోగరూఢముగా పెరుగగల పేరే అంగడికి ఉత్తమమైన పేరు. అమ్ము సరకును తెలుపు మాట యొకటి, దానిని వేరుపరచు మాట మఱియొకటి, అనగా ఊరో, చెట్టో, ఇంటిపేరో, చేరినచో చాలును. మిగిలిన పనిని జనుల నాలుక చేయును.

జనుల నాలుకకు గల బలమును ఈ సీమలోని ఊళ్ల పేర్లే చాటుచున్నవి. మహబూబాబాదు అను పేరు 1869 మొదలు 1911 వరకు ప్రభువుగా నున్న ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరున ఏర్పడినదని ప్రసిద్ధి. కాజీపేట–విజయవాడ రైలుమార్గమున స్టేషనుకు ఆ పేరే. అయినను పరిసర గ్రామములవారికి అది నేటికిని మానుకోటయే. జయశంకర్ భూపాలపల్లి అను జిల్లా పేరు ఆచార్య కొత్తపల్లి జయశంకర్ స్మృతికై పెట్టబడినది. పత్రములలో ఆ పేరు సంపూర్ణముగా నుండును. బస్సు ఎక్కువాడు మాత్రము భూపాలపల్లి అని ఊరుకొనును. ఇందు అగౌరవ మేమియు లేదు. పిలుపునకు వచ్చునపుడు పొడుగు పేరు కురుచయగుట భాషాస్వభావము. కావున పిలుచువారు ఏ ముక్కను మిగుల్చుకొందురో ముందే ఊహించి, ఆ ముక్కయే తన విశిష్టత యగునట్లు పేరు కూర్చుట వ్యాపారి నేర్పు. ‘మానుకోట మిర్చి బజ్జీలు’ అని వ్రాసికొన్నవాడు పల్లెవానికి తనవాడగును. రైలు దిగిన పరదేశికి ఊరి పేరుగా మహబూబాబాదును క్రింద చిన్న అక్షరములతో చూపవచ్చును.

ఊరి పేరు సరకునకు పేరగుటకు ఇచ్చట రెండు నిదర్శనము లున్నవి. ఇల్లెందు సమీపమునందలి సింగరేణి గ్రామము పేర 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ గ్రామమునకు ఎంతయో దూరముననున్న భూపాలపల్లిలోను బొగ్గు త్రవ్వుచున్నది సింగరేణియే. ఊరి పేరుగా పుట్టిన మాట యోగరూఢమై ఊరినే దాటిపోయినది. కార్మికుడు దినమును దిగు గనికి మాత్రము ‘బాయి’ అనియే పేరు. రెండవది జనగామ చెంతనున్న పెంబర్తి. అచ్చటి ఇత్తడి పనివారల తరతరముల నేర్పుచేత ఊరి పేరే పనితనమునకు పేరైనది. పెంబర్తి లోహశిల్పమునకు భౌగోళిక సూచికగా రక్షణ లభించినది. ఆ పేరు పనివారల ఉమ్మడి సొత్తు. వేఱొకచోట అచ్చుపోసిన ఇత్తడిని ఆ పేరున అమ్ముట పేరును దొంగిలించుటయే. ఊరి పేరు పెట్టుకొనువాడు ఆ ఊరి బాధ్యతనుగూడ నెత్తిన పెట్టుకొనవలెను.

ఇక భాష మాట. 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము క్రింద ఏర్పడిన నియమములు నామఫలకము తెలుగున నుండవలెననియు, ఇతర భాషలను దాని క్రింద వ్రాయవలెననియు చెప్పుచున్నవి. ఆచరణలో ఈ నియమము లిపితోనే తృప్తి చెందుచున్నది. ‘న్యూ ఫ్యాషన్ వరల్డ్ మెన్స్ వేర్’ అని తెలుగు అక్షరములతో వ్రాసినచో నియమము తీరును; అందు తెలుగు మాట ఒక్కటియు లేదు. అంతమాత్రమున అన్యదేశ్యములను బహిష్కరింపవలెనని మేము చెప్పము. దుకాణము అరబ్బీనుండియు, బజారు పారసీకమునుండియు వచ్చిన మాటలే. కాని ‘దుకాణపు అరుగు’ అన్నపుడు ఆ మాట మన పుంప్వాదేశమును తాల్చి మన యింటిదైనది. జనులలో ఇంకిన అన్యదేశ్యము తెలుగే; అలవాటు లేని పండితపదము సంస్కృతమైనను పరాయిదే. క్షౌరశాలకు ‘కేశాలంకరణ నిలయము’ అని వ్రాయుటవలన తెలుగునకు కలుగు మేలు లేదు. జానుతెనుగును ఆదరించిన పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర ఈ జనగామ జిల్లాలోనే యున్నవి. ఆ సీమవారికి మాట నిగ్గును వేఱొకరు నేర్పనక్కరలేదు.

ఆంగ్లపదమువలన అంగడికి హోదా వచ్చునను వాదమును తేలికగా త్రోసివేయరాదు. పట్టణమునకు క్రొత్తగా వచ్చిన యువకునికి ఆ పేరు ఆధునికతకు గుర్తు. చదువుకొన్న కొనుగోలుదారు తన గడప త్రొక్కునను ఆశయు అందు గలదు. కాని వీధి యంతయు అవే మాటలతో నిండినపుడు ఆ హోదా ఎవ్వరికిని మిగులదు. ‘న్యూ’ అను మాట పదియేండ్ల తరువాత పాతబడిన గోడమీద నవ్వులపాలగును. సొంత ఊరి మాట అట్లు పాతబడదు.

కావున పేరు నిర్ణయించుకొనువాడు ఫలకమును వ్రాయించుటకు ముందు దానిని నోట పలికించి చూడవలెను. ఇంటిలోని ముసలమ్మచేతను, బడికి పోవు పిల్లవానిచేతను, ఆటో నడుపువానిచేతను పలికింపవలెను. తడబడక పలికిరా, మరునాడు జ్ఞప్తికి తెచ్చుకొనిరా, ప్రక్క దుకాణముతో పొరబడకుండిరా అని గమనింపవలెను. పరిశోధక విద్యార్థులకును ఇందు పని కలదు. ఒక్క వీధిని గైకొని, ఫలకముమీది పేరును, జనులు పిలుచు పేరును ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. ఆ రెండును కలిసినచోట నామకర్త గెలిచెను. కలియనిచోట ఏ ముక్క జారిపోయినదో, ఏల జారినదో విచారింపవలెను. ఇట్టి పట్టిక ఈ మూడు పట్టణములకును సిద్ధమైనచో, అంగడి పెట్టదలచినవాడు మన శాఖ గడప త్రొక్కి పేరు అడుగుటకును వెనుదీయడు.