పానాతో విప్పుకునే కారు

1948లో పారిస్ మోటారు ప్రదర్శనలో సిట్రోయెన్ 2సీవీని చూసి పత్రికలవాళ్లు ఎగతాళి చేశారు. రేకు డబ్బాలా ఉన్న ఆ బండి 1990 దాకా తయారైంది. ఇప్పటికీ ఫ్రాన్సులో ఎందరో ఇంట్లోనే బాగుచేసుకుంటూ దాన్ని నడుపుతున్నారు. అందులో సగం ఘనత దాన్ని రూపొందించినవాళ్లది, సగం ఈ ఇంటి మెకానిక్కులది.

రెండే సిలిండర్లు, గాలికి చల్లబడే ఇంజను. రేడియేటరు లేదు కాబట్టి నీళ్లు కారే బాధ లేదు. హెడ్ గాస్కెట్టు కూడా లేదు! ముందు మడ్‌గార్డులు కొద్దిపాటి బోల్టులు విప్పితే ఊడొస్తాయి. చక్రాల నట్లు విప్పే పానాతోనే ఇంజనునూ తిప్పి స్టార్టు చేయవచ్చు.

ఓపిక వేరేచోట కావాలి. ఇగ్నిషన్ పాయింట్లు ఫ్యాను వెనక దాక్కుంటాయి. ఫ్యాను ఊడదీస్తే గానీ చేతికందవు. ముందు చక్రాల కింగ్‌పిన్నులకు తరచూ గ్రీజు కొట్టాలి, బద్ధకిస్తే అరిగి చక్రం ఊగుతుంది. 1981లో వచ్చిన డిస్కు బ్రేకుల బళ్లకైతే ఆకుపచ్చ ఖనిజ నూనే పొయ్యాలి. మామూలు బ్రేక్ ఆయిల్ పోశారా, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

అసలు శత్రువు తుప్పు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల ఛాసిస్‌ను తినేస్తుంది. అప్పుడు నలుగురూ చెయ్యేసి బాడీని ఎత్తి పక్కనపెట్టి, జింకు పూత పూసిన కొత్త ఛాసిస్ బిగిస్తారు. గ్యారేజీలో జరిగే పనుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే.

కొనదలచినవాళ్లకు ఒక్క మాట: ఇంజను చప్పుడు తర్వాత వినండి, ముందు నేలమీద పడుకుని ఛాసిస్ చూడండి.