ఎనభై మీద నిలకడ

అల్వాల్‌లో పాత వ్యాను పెట్టుకున్నవాళ్లకి రెండు పెద్ద దారులు దగ్గర్లోనే ఉన్నాయి. బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాటి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి ఒకటి. కొంపల్లి, మేడ్చల్ మీదుగా నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. ఈ రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. 2023లో ఔటర్ మీద వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకున్న పాత టెంపో ట్రావెలర్‌తో ఆ రోడ్డెక్కితే, పక్కనుంచి కార్లు దూసుకుపోతుంటే, బండి ఇంకాస్త లాగితే బాగుండని ఎవరికైనా అనిపిస్తుంది. షెడ్డుకి తీసుకెళ్లి అదే మాట చెబుతారు: ‘పికప్ లేదు.’

చేయి తిరిగిన మేస్త్రి ఆ మాట విని వెంటనే ఇంజన్ మీద చెయ్యి వెయ్యడు. బండికి శక్తి చాలడం లేదా, ఉన్న శక్తి ఎక్కడో పోతోందా అని ముందు చూస్తాడు. బండి బాగుచేసే విద్య అంతటికీ మూలం ఆ ప్రశ్నే అని నా నమ్మకం.

ట్రావెలర్ మన దేశంలో 1987లో వచ్చింది. దాని అసలు రూపం జర్మనీ మెర్సిడెస్ టీ1 వ్యాను. పాత బళ్లలో ఉన్నది ఓఎం616 వంశపు 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్. 1973లో మెర్సిడెస్ 240డీ కారులో పెట్టినప్పుడు దాని శక్తి 65 హార్స్‌పవర్. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. చేత్తో విప్పి, చేత్తో కూర్చగల యంత్రం. రాణిగంజ్ సామాన్ల దుకాణాలూ, ఊరి చివరి షెడ్లూ ఉన్నన్నాళ్లూ దానికి ఆయుష్షుంటుంది.

ఇలాంటి డబ్బా బండికి అసలు శత్రువు గాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే గాలి ఒక్కదానికే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. రెండున్నర టన్నుల ట్రావెలర్‌కి నా లెక్క ప్రకారం 80 దగ్గర చక్రాల వద్ద పాతిక హార్స్‌పవర్ సరిపోతుంది. 100 దగ్గర అది 40 దాటుతుంది. 65 హార్స్‌పవర్ ఇంజన్ మొదటిదాన్ని రోజంతా మోస్తుంది. రెండోదానికి ఒళ్లు హూనం చేసుకుంటుంది. కాబట్టి 80 మీద నిలకడగా, చల్లగా, ఎడమ వరుసలో పోవడమే లక్ష్యంగా పెట్టుకోవాలి. టాపు మీద క్యారియర్, దాని మీద కట్టిన మూటలు ముందు దింపాలి. పైసా ఖర్చు లేని పని, తేడా మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

తర్వాత జాకీ ఎత్తి చక్రాలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పాలి. తిప్పి వదిలితే కాసేపు తనంతట తాను తిరగాలి. వెంటనే ఆగిపోతే లైనర్లు డ్రమ్ముని పట్టుకుంటున్నాయనో, బేరింగ్ బిగిసిందనో అర్థం. పది కిలోమీటర్లు నడిపి నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడటం పాత పద్ధతి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలితే దొంగ దొరికినట్టే. టైర్లు పాత నైలాన్‌వైతే రేడియల్‌కి మారడం మంచిది. గాలి చల్లని టైరులోనే చూడాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కింద ఉండాలి.

ఇంజన్ దగ్గర నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని టాపెట్ల సెట్టింగు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కవరు విప్పుతారు. రెండు వంపు తిరిగిన 14 నంబరు పానాలు కావాలి; ఒకటి కింది నట్టుని పట్టుకుంటుంది, ఇంకొకటి పై నట్టుని తిప్పుతుంది. మెర్సిడెస్ కొలత ప్రకారం వాల్వు సందు ఇన్‌టేక్‌కి 0.10, ఎగ్జాస్ట్‌కి 0.30 మిల్లీమీటర్లు. గేజి రేకు దూర్చి లాగితే ఒరుసుకుంటూ రావాలి, ఇరుక్కోకూడదు. నట్టు బిగించేటప్పుడు కొలత కాస్త కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ రేకు పెట్టి చూస్తారు. ఈ రెండోసారి చూడటంలోనే మేస్త్రి నికార్సైనవాడో కాదో తెలిసిపోతుంది.

నాజిల్స్ బెంచీ మీద పరీక్షించాలి. 115, 120 బార్ దగ్గర సన్నటి మంచులా చిమ్మాలి, ధార కారకూడదు. పంపులో డీజిల్ పెంచితే పికప్ వస్తుందని కొందరంటారు. ఒప్పుకోకండి. గాలి పెరగకుండా డీజిల్ పెరిగితే వచ్చేది నల్ల పొగ, వేడి. ఆ వేడికి హెడ్డు పగిలితే దాచుకున్న డబ్బంతా దానికే పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా 80 దగ్గర ఇంజన్ అరుస్తుంటే అప్పుడు వెనక ఇరుసులోని క్రౌను పినియను సంగతి చూడాలి. ఉదాహరణకి క్రౌనుకి 39 పళ్లు, పినియనుకి 8 ఉన్నాయనుకుందాం. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లయితే, టాప్ గేరు నేరుగా కలిసే బండిలో 80 దగ్గర ఇంజన్ నిమిషానికి దాదాపు 3,100 చుట్లు తిరుగుతుంది. 37, 9 పళ్ల జత వేస్తే 2,600కి దిగుతుంది. మోత తగ్గుతుంది, పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడవచ్చు. బదులుగా ప్రతి గేరులోనూ లాగే బలం ఆరో వంతు పోతుంది. నిండు లోడుతో నిర్మల్ ఘాట్ ఎక్కేవాళ్లు ముందే కింది గేరుకి దిగాల్సి వస్తుంది. ఔటర్, రాజీవ్ రహదారి మీదే ఎక్కువగా తిరిగేవాళ్లకి ఈ బేరం లాభమే. ఇంజనే మార్చాలనుకునేవాళ్లు మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్టీవో అనుమతి తీసుకోవాలి.

మోత తగ్గింది కదా అని వేగం పెంచాలనిపిస్తే బ్రేకుల లెక్క మరవొద్దు. 80 బదులు 100 మీద ఉన్న బండిని ఆపాలంటే డ్రమ్ములు సగానికి పైగా అదనపు వేడిని తట్టుకోవాలి.

క్రౌను మార్చినవాళ్లు చాలామంది పట్టించుకోనిది స్పీడోమీటరు. దాని కేబులు గేర్‌బాక్సు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. పైన చెప్పిన జత వేశాక ముల్లు 80 చూపిస్తుంటే బండి నిజంగా 95 మీద ఉంటుంది. స్పీడో పినియను మార్చితే సరే. అది దొరికేదాకా శామీర్‌పేట దాటాక ఖాళీ రోడ్డు చూసి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ఫోను జీపీఎస్‌తో సరిచూసుకుని, నిజమైన 80కి డయల్ మీద రంగుతో గీత పెట్టుకోవాలి. ఆ గీత 67 దగ్గర పడుతుంది.