ఇద్దరి వంటా, నీకు దండం

ఇద్దరి వంటా! సోలెడు బియ్యంతో సంబురం చేసే తల్లీ, పిడికెడు పప్పుతో పూట నిలబెట్టే పుణ్యవతీ, చెంచాడు నూనెలో చిటపటల సంగీతం పుట్టించే సరస్వతీ! పెళ్లి పందిళ్ల గాడిపొయ్యిలకు పాటలున్నాయి. గుడి నైవేద్యాలకు స్తోత్రాలున్నాయి. కిరాయి ఇంటి మూలన, ఒక గంజూ ఒక బగోనా తోడుగా వెలిగే నిన్ను కీర్తించినవాళ్లు తక్కువ. పొద్దున తాలింపు ఘాటుకు తుమ్మినప్పుడు, పగలు డబ్బా మూత తీసినప్పుడు, రాత్రి తలె అంచున చివరి మెతుకు తుడిచినప్పుడు నీతో చెప్పాలనుకున్న మాటలు గుండెలో కుప్పపడి ఉన్నాయి. ఇవాళ చెబుతాను, విను.

మా ఇంట్లో నీకు రెండు పుట్టిళ్లు. నేను ఆదిలాబాద్ బిడ్డను. టేకు అడవుల గాలి పీల్చి, పత్తిచేన్ల తెలుపు చూసి పెరిగిన దాన్ని. మా ఆయనది కరీంనగర్. మానేరు నీళ్లు తాగి, మక్కచేన్ల గలగల విని ఎదిగిన మనిషి. నా వెంట నువ్వు జొన్నపిండివై వచ్చావు. ఆయన తల్లి చేతుల్లో బియ్యప్పిండివై ఎదురొచ్చావు. ఆ జొన్నా ఈ వరీ ఒకే గడపలో కలుసుకున్న నాటి నుంచి మా ఇంట్లో అలకలు రాత్రికి రొట్టెనా, బువ్వనా అన్న మాట దగ్గరే మొదలై, తలెల ముందే తీరిపోతాయి.

ఆదిలాబాద్ చలి ఎట్లుంటుందో అక్కడ పుట్టినవాళ్లను అడగాలి. డిసెంబరులో 10 డిగ్రీల కిందికి దిగే తెల్లవారుజాముల్లో, మంచు ముసిరి ఎదురింటి దర్వాజ కూడా కనపడని వేళల్లో, నువ్వే మాకు గొంగడివి, నువ్వే మాకు నెగడువి. ఉడుకునీళ్లలో కలిసి, మా అమ్మ అరచేతి కింద తపతపమని తాళం వేసి, అంచు చిట్లకుండా గుండ్రంగా విచ్చుకుని, పెంక మీదికి ఎక్కి, పైన తడిచెయ్యి తగలగానే సుయ్యిమని, నిప్పుల మీదికి దిగి బుస్సున పొంగేదానివి. పక్కనే రోట్లో నూరిన ఎల్లిపాయకారం, దాని మీద నాలుగు చుక్కల పల్లినూనె. ఆ ముక్క తుంచి, ఆ కారం అద్ది, నోట పెట్టుకున్న క్షణాన కళ్లలో నీళ్లు తిరిగితే అది మంట వల్లనో మమకారం వల్లనో చెప్పగలవాళ్లు ఎవరు?

ఇక సర్వపిండి రూపంలో నిన్ను చూస్తే, తల్లీ, నాకు రెండు చేతులూ వాటంతట అవే జోడించుకుంటాయి. ఆ వేషం కట్టించేది మా ఇంట్లో ఆయనే. నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చిదిమిన ఎల్లిపాయ, తుంచిన కల్యమాకు, కొత్తిమీర, కారం, ఉప్పు. ఏదీ గుప్పెడు దాటదు, ఏదీ వెలితి పడదు. అన్నీ బియ్యప్పిండిలో ఒదిగి ఒక్క ముద్దవుతాయి. సర్వ గిన్నె లోపల నూనె రాసి, ఆ ముద్దను అడుగు నుంచి అంచుల దాకా వేళ్లతో అద్దుతాడు ఆయన. పలుచగా, ఓపిగ్గా, నిద్రపోయే పిల్లను జోకొట్టినట్టు. వేలికొసతో చిల్లులు పెడతాడు, చిల్లు చిల్లుకూ ఓ చుక్క నూనె విడుస్తాడు. మూత. సన్నని సెగ. ఇక చెవి ఒగ్గి ఉండడమే. మొదట ఏమీ వినిపించదు. తర్వాత ఎక్కడో ఒక చిటుకు, దానికి బదులుగా ఇంకో చిటుకు. చిల్లుల్లో నూనె బుడగలై ఆడుతుంది, నువ్వులు కమ్మగా వేగుతాయి, ఉల్లిగడ్డ తీపి గుబాళిస్తుంది. అంచులు ఎర్రబడి, గిన్నెను తమంతట తాము విడిచి, కరకరమని పలుకుతాయి.

ఒక సర్వకు ఒక్కటే కాలుతుంది. రెండోదానికి పిండి అద్దాలంటే సర్వ చల్లారాలి. బోర్లించి అడుగున నీళ్లు చల్లితే అది సుర్రుమని నిట్టూరుస్తుంది. అందాకా మొదటిదాన్ని ఇద్దరం సగం సగం విరుచుకోవలసిందే. ఎవరిది వాళ్లు వేడిగా తినేసి లేచిపోయే వీలు నువ్వు ఇవ్వలేదు. ఎంత నేర్పరివి తల్లీ! కలిపి కూర్చోబెట్టడానికి నీకు పురోహితుడు అక్కర్లేదు, ఒక్క గిన్నె చాలు.

"ఇగో, అంచుముక్క నువ్వు తిను."

"నీకేది మరి?"

"ఇంకోటి కాలుతాంది గదా."

ఆ మూడు మాటల్లో మా సంసారం మొత్తం ఉంది.

నెల మొదట్లో నువ్వు మహారాణివి. 2025 ఉగాదికి మొదలైన సన్నబియ్యం ఇప్పుడు కంట్రోలు దుకాణంలో తలకు 6 కిలోలు, ఇద్దరికి 12 కిలోలు. ఆ సంచి భుజాన వేసుకుని ఆయన గడప దాటిన రోజు నీ ముఖాన పండుగ కళ. చేతిలో నాలుగు పైసలుంటే మానేటి చేపలు వస్తాయి, పులుసు పొంగుతుంది, వాడకట్టంతా వాసన వెళుతుంది. రోజులు గడిచేకొద్దీ నువ్వు ఆకుకూరల అమ్మవారివి. మాపటి వేళ మార్కెట్లో, ఇంటికి పోయే తొందరలో ఉన్న అవ్వలు మిగిలిన కట్టలన్నీ కలిపి మా సంచిలో వేస్తారు. పుంటికూర పులుపు, చుక్కకూర చురుకు, గంగవాయిలి కూర కమ్మదనం, బచ్చలాకు మెత్తదనం, ఎండలు ముదిరే ముందు చింతచిగురు లేతదనం! ఒక్కో ఆకు ఒక్కో కాలం చెబుతుంది. పప్పులో పడితే ఒక రాగం, పచ్చిమిర్చితో నూరితే ఇంకో రాగం. పుంటికూర తొక్కు వేసి కలిపిన ఉడుకు బువ్వ ముందు నేను దేన్నీ పెద్దగా లెక్కచేయను. ఇది నా తీర్పు, దీన్ని మార్చుకునే ఉద్దేశం లేదు.

నెలాఖరున నువ్వు పచ్చిపులుసువి. అప్పుడే నీ అసలు అందం. పొయ్యి మీదికి కూడా ఎక్కవు. చిన్న ఉండెడు చింతపండు నానుతుంది, సెగన కాల్చిన పచ్చిమిరపకాయ నలుగుతుంది, ఉల్లిగడ్డ ముక్కలు తేలుతాయి, వేయించి దంచిన నువ్వుల పొడి మబ్బులా పరుచుకుంటుంది, కొత్తిమీర చల్లితే అడవి వాసన లేస్తుంది. పులుపూ కారమూ ఉప్పూ మూడూ ముప్పేటగా అల్లుకున్న ఆ చల్లని నీళ్లు ఉడుకన్నం మీద పడగానే ఆవిరి లేచి ముఖాన్ని తాకుతుంది.

"ఇయ్యాల ఏం కూర?" అంటాడు చెప్పులు విడుస్తూ.

"పచ్చిపులుసే."

"గంతకన్న ఏం గావాలె!"

ఆ మాటలో ఓదార్పు లేదు, ఒప్పుకోలు లేదు. నిజంగానే ఆయనకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఆ సంగతి ఆయన రెండోసారి వడ్డించుకునే తీరులో తెలుస్తుంది.

నేను లేమిని పొగడటం లేదు. బియ్యం డబ్బాలో సోల అడుగుకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు నాకు తెలుసు. నూనె ప్యాకెట్ ధర విని ఒక్క అడుగు వెనక్కి వేసిన రోజులు తెలుసు. నేను పొగిడేది నిన్ను. ఆ చప్పుడు మా మధ్యకు రాకుండా, కల్యమాకు రెబ్బతో, ఎల్లిపాయ పాయతో, ఎర్రగా వేగిన ఎండుమిర్చితో అడ్డం నిలబడ్డ నిన్ను.

మళ్లీ నువ్వు ఇంట్లోనే కూర్చునే దానివా? కావు. మా వెంట ఊళ్లు తిరిగే దానివి. స్టీలు డబ్బాలో ఒదిగి, సంచిలో ఊగుతూ, మోకాళ్ల మీద వెచ్చగా వచ్చే దానివి. మా దిక్కు ఆడబిడ్డలకు సద్ది కట్టడం చెప్పి నేర్పాలా! సద్దుల బతుకమ్మ నాడు పూలను నీళ్లలో సాగనంపి, చెరువు గట్టున పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఒకరికొకరం పంచుకుని తిన్న చేతులివి. ఆ గట్టు మీది వెన్నెలే మా చిన్న చిన్న షికార్లకు తల్లివేరు అని నేను నమ్ముతాను.

వానాకాలపు ఆదివారం మానేరు డ్యామ్ కట్ట మీదికి నువ్వు మాతో నడిచొస్తావు. 1974లో పని మొదలై 1985కు పూర్తయిన ఆ కట్ట వెనుక నిండితే 24 టీఎంసీల నీళ్లు, ఆకాశాన్ని కిందికి దించుకున్న నీళ్లు, ఆవలి ఒడ్డును మింగిన నీళ్లు! గాలి ముఖాన తుంపర జల్లుతుంది. బొగ్గుల మీద మక్కకంకులు పటపటమంటాయి. ఒక్క కంకి కొని నడుమకు విరిచి, ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క రుద్దుకుంటాం. గింజ గింజకూ పొగ వాసన, పాల తీపి. డబ్బా మూత తీస్తే సర్వపిండి ముక్కలు. పొద్దుమీకుతుంటే తీగల వంతెన మీద దీపాలు వెలుగుతాయి. 2023లో ఆ వంతెన తెరిచిన నాటి నుంచి ఊరి జంటలకు మాపటి నడక అక్కడే. మేమూ నడుస్తాం. పెద్ద మాటలేమీ మాట్లాడుకోం. రేపటి కూరేంటో మాట్లాడుకుంటాం.

మరో రోజు వెండి నగిషీ కొట్టు ముందు నిలబడతాం. వెంట్రుకంత సన్నని వెండి తీగను పూలుగా, తీగలుగా, నెమళ్లుగా మెలిపెట్టే కరీంనగర్ కంసాలుల చేతుల్లో పుట్టిన పనితనం అది. కొనే స్తోమత లేకపోయినా కళ్లారా చూస్తాం, కడుపు నిండినట్టే తిరిగి నడుస్తాం. ఇంకో రోజు ఎలగందుల. 1905 దాకా జిల్లాకు కొలువైన ఊరు, ఇప్పుడు కోటగోడల మీద రామచిలుకల రాజ్యం. ఆ రాళ్ల నీడలో నిమ్మకాయ పులిహోర విప్పితే, ఏ రాజు తిన్న విందూ మాకు గుర్తుకు రాదు.

ఇక నా పుట్టింటి దారి! 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ నా చేతిలో జీరో టికెట్ పెడతాడు, ఆయన చేతిలో పైసల టికెట్. ఆ మిగిలిన టికెట్ పైసలతో మధ్యలో ఇద్దరికీ చాయ వస్తుంది, అమ్మకు పండ్లు వస్తాయి. జగిత్యాల దాటి, గోదావరికి కిటికీలోంచే దండం పెట్టి, నిర్మల్ దాటితే మహబూబ్ ఘాట్ మలుపులు మొదలు. వానల్లో ఆ కొండలు పచ్చపచ్చగా ఆవులిస్తాయి, ఎండాకాలం మొదట్లో మోదుగులు నిప్పులు పూస్తాయి, టేకు ఆకులు బస్సు చప్పుడుకు తలలూపుతాయి. నేను మాట్లాడటం మానేస్తాను. ఆయన నా వైపే చూసి నవ్వుతాడు.

కుంటాల! కడెం వాగు అడవిలో తనను తాను మరిచి 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటు. మెట్లు దిగుతున్నకొద్దీ హోరు ఎదలోకి ఎక్కుతుంది, తుంపర కనురెప్పల మీద నిలుస్తుంది. బండలు జారుతాయి, నీళ్లలోకి దిగవద్దు, దూరాన నిలబడి దండం పెడితే చాలు. పైకెక్కి వచ్చి, చెట్టు కింద దుప్పటి పరిచి, అమ్మ కట్టిచ్చిన సద్ది విప్పుతాం. జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డను ఆయన పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది విప్పుతాడు. చల్లారిన రొట్టె కొరికితే అమ్మ వేళ్ల గుర్తులు నాలుక్కి తగులుతాయి. అంత పెద్ద హోరు పక్కన, తల్లీ, నీ రుచే నాకు పెద్దగా వినిపిస్తుంది.

నిన్ను సర్దుబాటు అనే వాళ్లున్నారు. రోజులు బాగుపడితే మానేయవలసిన అలవాటు అంటారు. నేను ఒప్పుకోను. రేపు మా చేతికి నాలుగు పైసలు ఎక్కువ వచ్చినా నువ్వు మా పొయ్యి దిగవు. సర్వ అదే ఉంటుంది. అంచుముక్క కోసం బతిమాలుకోవడం అదే ఉంటుంది.

చదువుతున్న అక్కా, అన్నా! ఈ ఆదివారం రెండు గుప్పిళ్ల బియ్యప్పిండి తీయండి. శనగపప్పు రాత్రే నానబెట్టండి. సర్వ లేకపోతే అడుగు మందంగా ఉన్న గంజు చాలు, మంట మాత్రం సన్నగా పెట్టండి. ఇద్దరూ కలిసి చేయండి, సగం తిని, సగం డబ్బాలో పెట్టుకుని మీ ఊరి చెరువుగట్టుకు నడవండి. కరీంనగర్ దిక్కు ఉంటే మానేరు కట్టకే రండి. పొద్దుమీకక ముందే వస్తే కూర్చోవడానికి మంచి చోటు దొరుకుతుంది.