వల్లియమ్మాళ్ ఏడుపు ఎవరి సొత్తు?

2021 మార్చిలో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామి’ని దేశమంతా డాన్సు పాటగా విన్నది. అది పుట్టింది మాత్రం ఏడుపులోంచి. పాట రాసి, ధీతో కలిసి పాడిన అరివు అరక్కోణం దళితుడు. అతని అవ్వ వల్లియమ్మాళ్ సిలోను తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన మనిషి. 1964 సిరిమావో-శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని ఇండియా వాటాగా లెక్కగట్టింది. మీరేమంటారని ఆ కూలీలని అడిగినోళ్లు లేరు. తోటలు పెంచినోళ్లకి సెంటు భూమి లేకపోవడమే ఈ పాటకి మూలం. అందుకే ర్యాప్ నడకలోకి చావుపాట ఒప్పారి వచ్చి కూచుంది.

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. డీజే స్నేక్ రీమిక్స్ హోర్డింగు మీదా లేడు. పా. రంజిత్ నిలదీశాకే పత్రిక అరివు బొమ్మ వేసింది. 2022లో పాట తనదేనని అరివు అంటే, ముగ్గురిదీ అన్నాడు సంగీతకారుడు సంతోష్ నారాయణన్. ముగ్గురి కష్టమూ ఉండొచ్చు. మరి జారిపోయే పేరు దళితుడిదే ఎందుకవుతుంది? పైసా కూడా ముట్టలేదని 2024లో సంతోషే చెప్పాడు. అంటే కంపెనీ ముందు ముగ్గురూ కూలీలే, కాకపోతే కూలీల్లోనూ మెట్లున్నాయి. మన విమర్శ బాణీని మెచ్చుకొని ఆగితే చాలదు. హక్కు కాగితం ఎవరి పేరున ఉందో కూడా అడగాలి.