ఇబ్నె ఖల్దూన్ దృష్టి: దాని మూలాలు, దాని హద్దులు

మనిషి ఆలోచన శూన్యంలో పుట్టదు. పుట్టిన కాలం, పెరిగిన ఇల్లు, నేర్చిన విద్య, పడిన కష్టం అతని చూపును తీర్చిదిద్దుతాయి. ఈ మాటను అందరూ ఒప్పుకుంటారు. చిక్కంతా దీని తరువాతి ప్రశ్నలో ఉంది. పరిస్థితులే చూపును తీర్చినప్పుడు, ఆ చూపుకు కనిపించిన దానిని సత్యమని ఎలా నమ్మడం?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఇబ్నె ఖల్దూన్ (732–808 హి./1332–1406) కంటే తగిన వ్యక్తి దొరకడు. చరిత్రకారుడు ఎందుకు పొరబడతాడో ఆయనే కారణాలు లెక్కించి చూపాడు. వాటిలో మొదటిది తన మతశాఖ పట్ల, తన అభిప్రాయం పట్ల పక్షపాతం. కనుక ఆయనను ఆయన కొలబద్దతోనే కొలవవచ్చు.

ఇబ్నె ఖల్దూన్‌ను చదివేవారిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొందరు ఆయనను ఐదు శతాబ్దాలు ముందుగా పుట్టిన ఆధునిక సమాజ శాస్త్రవేత్తగా కీర్తిస్తారు. వీరికి ఆయన కాలంతో పని లేదు. మరికొందరు ఆయనను పదవుల వేటలో ఓడిపోయిన రాజకీయవేత్తగా చిత్రించి, ఆయన సిద్ధాంతమంతా ఆ నిస్పృహ ఫలమేనంటారు. వీరికి ఆయన బుద్ధితో పని లేదు. మొదటివారు మనిషిని చరిత్ర నుండి ఊడబెరుకుతారు. రెండవవారు చరిత్రలోనే పాతిపెడతారు.

ఆయన జీవితాన్ని చూద్దాం. బనూ ఖల్దూన్ వంశం మూలం యమన్ లోని హజ్రమౌత్. శతాబ్దాలపాటు అందలూస్ లోని ఇష్బీలియా (సెవిల్) నగరంలో ప్రముఖులుగా బ్రతికిన ఆ కుటుంబం, 1248లో నగరం క్రైస్తవ రాజుల వశం కావడానికి ముందే ఉత్తర ఆఫ్రికాకు తరలిపోయింది. పోగొట్టుకున్న ఊరి కథలు వింటూ ట్యూనిస్‌లో ఆయన పెరిగాడు. 1348–49 నాటి మహామారిలో తల్లిదండ్రులను, గురువులలో పలువురిని కోల్పోయాడు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు కూడా సరిగా నిండలేదు. ఆ తరువాత ఫెజ్ దర్బారులో కొలువు, దాదాపు రెండేళ్ల చెరసాల, గ్రనాడాలో ఆదరణ, బిజాయాలో మంత్రి పదవి. 1364లో రాయబారిగా ఇష్బీలియాకు వెళ్లినప్పుడు, తన వద్దనే ఉండిపోతే పూర్వీకుల ఆస్తి తిరిగి ఇప్పిస్తానని కాస్తీల్ రాజు పేద్రో ఆశచూపాడు. ఆయన అంగీకరించలేదు.

చివరకు 1375లో రాజకీయాలకు దూరంగా ఇబ్నె సలామా కోటలో తలదాచుకున్నాడు. అక్కడే 1377లో ఐదు నెలల కాలంలో ‘ముఖద్దిమా’ తొలి ప్రతిని పూర్తిచేశాడు. రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్న ప్రశ్న ఇటువంటి మనిషికి గ్రంథాలయంలో పుట్టిన ప్రశ్న కాజాలదు.

అయితే ఇదే బాధను అనుభవించినవారు ఆ కాలంలో వేలమంది ఉన్నారు. వారెవరూ ‘ముఖద్దిమా’ వ్రాయలేదు. అనుభవం ప్రశ్నను ఇచ్చింది. జవాబు వెదికే పద్ధతిని ఆయన విద్య ఇచ్చింది. ఖుర్ఆన్ కంఠస్థం చేసి, హదీసు, మాలికీ ఫిఖహ్ చదివి, అల్ ఆబిలీ వద్ద తర్కం నేర్చినవాడాయన. హదీసు పండితుల నుండి ఉల్లేఖకుని నిజాయితీని పరీక్షించడం నేర్చుకున్నాడు. ధర్మాజ్ఞల విషయంలో ఆ పరీక్ష చాలునన్నాడు. జరిగిన సంఘటనల విషయంలో మాత్రం మరొక పరీక్ష అవసరమన్నాడు: అటువంటిది మానవ సమాజంలో జరగడం సాధ్యమేనా?

మూసా ప్రవక్త (అలైహిస్సలాం) వెంట ఆరు లక్షలమంది యోధులు ఉన్నారని మస్ఊదీ వంటి చరిత్రకారులు వ్రాశారు. కొద్ది తరాలలో ఒక కుటుంబం అంతగా పెరగగలదా, అంత సైన్యం ఒక రణరంగంలో పట్టగలదా అని ఇబ్నె ఖల్దూన్ లెక్కవేసి ఆ సంఖ్యను నిరాకరించాడు. పేరుగొప్ప గ్రంథకర్తలు చెప్పినంత మాత్రాన ఆయన తలవంచలేదు.

మరి తన విషయంలో ఈ పరీక్షను ఆయన పాటించాడా? కొన్నిచోట్ల పాటించాడు. ఎడారి తెగలు అసబియ్యత్ బలంతో రాజ్యం స్థాపిస్తాయనీ, నగర సుఖాలలో ఆ బలం కరిగి మూడు తరాలలో, అంటే సుమారు 120 ఏళ్లలో రాజ్యం వృద్ధాప్యానికి చేరుతుందనీ ఆయన సిద్ధాంతం. ఇది మగ్రిబ్‌లో కళ్లారా చూసిన దాని నుండి పుట్టింది. ఈజిప్టు, సిరియాలలో తెగల బలం లేదనీ, అక్కడి పాలన తీరు వేరనీ ఆయనే గుర్తించి వ్రాశాడు. 1382లో ఈజిప్టు చేరిన తరువాత కూడా గ్రంథాన్ని సవరిస్తూనే ఉన్నాడు.

కొన్నిచోట్ల పాటించలేదు. నల్లజాతి ప్రజల వర్ణానికి హామ్‌కు తగిలిన శాపమే కారణమన్న కథను ఆయన ఖండించాడు, వాతావరణమే కారణమన్నాడు. ఇంతవరకు శ్లాఘనీయం. కాని గ్రీకుల నుండి సంక్రమించిన సప్త భూభాగాల సిద్ధాంతాన్ని పట్టుకొని, అతి ఉష్ణ, అతి శీతల ప్రాంతాల ప్రజలను చాలా చులకనగా వర్ణించాడు. తెగలు పరస్పర పరిచయం కోసమేననీ, శ్రేష్ఠత దైవభీతిలోనే ఉన్నదనీ బోధించే సూరా హుజురాత్ కంఠస్థమైన మనిషి వ్రాసిన మాటలివి. అదే మనిషి తన చరిత్ర గ్రంథంలో మాలీ సుల్తానుల వృత్తాంతాన్ని తెలిసినవారి నోట విని శ్రద్ధగా నమోదు చేశాడు. మన్సా మూసాను ధర్మపరుడైన గొప్ప రాజుగా పేర్కొన్నాడు. మనుషుల నోట విన్నచోట న్యాయం చేశాడు. పాత పుస్తకాన్ని పరీక్షించకుండా నమ్మినచోట తన కాలపు దురభిప్రాయానికి లొంగిపోయాడు. మస్ఊదీని నిలదీసిన కలం గ్రీకు భూగోళాన్ని నిలదీయలేదు.

ఆయనను చదివేవారి చూపు కూడా ఇలాగే తయారవుతుంది. ఫ్రెంచివారు అల్జీరియాను ఏలుతున్న రోజులలో, వారి సైన్యపు దుబాసీగా పనిచేసిన డి స్లేన్ 1863–68లో ‘ముఖద్దిమా’ ఫ్రెంచి అనువాదం ప్రకటించాడు. ఇబ్నె ఖల్దూన్ ‘అరబ్’ అన్న పదాన్ని తరచుగా సంచార తెగల అర్థంలో వాడతాడు. దానిని మొత్తం అరబ్బు జాతికి అన్వయించి, అరబ్బులను విధ్వంసకులుగా, బర్బర్లకు పరాయివారుగా చూపడం ఆనాటి వలస రచయితలకు అనుకూలించింది.

తెలుగులో చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. ఉర్దూ తెలిసిన తెలుగు ముస్లిముకు ‘అసబియ్యత్’ అనగానే దురభిమానం స్ఫురిస్తుంది. దైవప్రవక్త (స) దానిని గర్హించిన సంగతీ గుర్తుకొస్తుంది. ఆ గర్హింపు అన్యాయానికి కొమ్ముకాసే పక్షపాతానికి వర్తిస్తుందనీ, సత్యం కోసం కలిసి నిలబడే బలానికి వర్తించదనీ ఇబ్నె ఖల్దూన్ వివరించాడు. ఆ పదాన్ని ‘కులాభిమానం’ అంటే మన ఊళ్ల కుల వ్యవస్థ అంతా అందులోకి చొరబడుతుంది. ‘సంఘీభావం’ అంటే రక్తబంధం జారిపోతుంది. మూలపదాన్నే ఉంచి, ఒకసారి విప్పి చెప్పడం ఉత్తమం. అప్పుడు పాఠకుడు తన అర్థాన్ని ఆయన మీద రుద్దకుండా, ఆయన అర్థం వద్దకు తాను నడిచి వెళతాడు.

చరిత్ర, సంస్కృతి, అనుభవం మనిషికి కళ్లు ఇస్తాయి. అవి లేనిదే చూపే లేదు. అయితే ఆ కళ్లకు కనిపించిన దానిని పరీక్షించే బాధ్యత నుండి అవి మనిషిని విముక్తం చేయవు. ‘ముఖద్దిమా’ తొలి పుటలలో, తనలో లోపం కనిపిస్తే సరిదిద్దమని పండితులను ఇబ్నె ఖల్దూన్ కోరాడు. ఆయనను ఆకాశానికెత్తడం కంటే, ఆ కోరికను మన్నించడమే ఆయన పట్ల నిజమైన గౌరవం. పరులపై ప్రయోగించిన కొలబద్దను తనవైపు తిప్పుకున్నప్పుడే ఎవరి విద్యకైనా సార్థకత.